వెన్నుకి సూది: స్పైనలా, ఎపిడ్యూరలా, పూర్తి మత్తా? నరాల గురించి భయపడేవాళ్ల కోసం

"డాక్టరమ్మా, నడుములో సూదేస్తే కాళ్లు పడిపోతాయంట కదా?"

కాన్పుకి వచ్చినవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇది. చాలాసార్లు అడిగేది కడుపుతో ఉన్న అమ్మాయి కాదు, మంచం పక్కన నిలబడ్డ వాళ్లమ్మో, అత్తగారో. నేను మత్తు డాక్టర్ని. "ఏం కాదమ్మా, భయపడకండి" అనేసి లోపలికి వెళ్లిపోవడం నాకు సులువే, కానీ అది పూర్తి నిజం కాదు. నరాలు దెబ్బతినడం ఉంది, అయితే చాలా చాలా అరుదు. ఎంత అరుదు, ఏ సూదితో ఏ ఇబ్బంది, ఎవరికి ఏది నయం అన్నది వివరంగా చెప్తేనే వాళ్లు ఆలోచించుకుని ఎంచుకోగలరు.

మన రాష్ట్రాల్లో ఈ సంగతి తెలుసుకోవాల్సిన అవసరం మిగతాచోట్ల కన్నా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం మొత్తం మీద 21, 22 మధ్య. అంటే మన ఆడవాళ్లలో ఎందరో ఏదో ఒక కాన్పులో ఈ సూదిని చూస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శాశ్వతంగా నరం దెబ్బతింటుందన్న భయంతో స్పైనల్‌కీ ఎపిడ్యూరల్‌కీ మధ్య ఎంచుకోకండి. ఆ విషయంలో రెండూ దాదాపు సమానమే, రెండిట్లోనూ ప్రమాదం చాలా తక్కువ. మీ ఒంటి పరిస్థితి, ఉన్న సమయం, సూది వేశాక మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండేదెవరు, ఈ మూడూ చూసి ఎంచుకోండి.

రెండు సూదులకీ తేడా ఏమిటి

స్పైనల్‌కి వాడేది సన్నని సూది, మందం అర మిల్లీమీటరు. నడుము కింది పూసల మధ్య నుంచి వెళ్లి, నరాలు తేలుతూ ఉండే నీటి సంచిలోకి దిగుతుంది. అందులోకి సుమారు రెండు మిల్లీలీటర్ల మందు ఎక్కించి సూది తీసేస్తాం. ఐదు నిమిషాల్లో కాళ్లు బరువెక్కుతాయి, ఆ మొద్దు ఒకటిన్నర, రెండు గంటలు ఉంటుంది.

ఎపిడ్యూరల్ సూది అంతకు రెట్టింపు కన్నా లావు. అది నీటి సంచి పొరని దాటకూడదు, బయటే ఆగాలి. ఆగిన చోట సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టి సూది తీసేస్తాం. కాన్పు అయ్యేదాకా ఆ గొట్టంలోంచి పలుచని మందు వెళ్తూ ఉంటుంది. మనవాళ్లు పెయిన్‌లెస్ డెలివరీ అనేది దీన్నే. రెండూ కలిపి వేసే పద్ధతి ఒకటుంది. అందులో స్పైనల్‌తో నొప్పి వెంటనే తగ్గుతుంది, తర్వాత గొట్టంతో కొనసాగిస్తాం. అందులో రెండిటి లాభాలతో పాటు రెండిటి చిక్కులూ ఉంటాయి.

ఏ సూదికి ఏ చిక్కో ఈ తేడా నుంచే తెలుస్తుంది. స్పైనల్ సూది నరాల మధ్యకి వెళ్తుంది కాబట్టి నరాన్ని తగలడం, క్రిమి లోపలికి పోవడం, పొరపాటు మందు నేరుగా వెన్ను నీటిలో కలవడం దాని ప్రమాదాలు. ఎపిడ్యూరల్ సూది లావు, అది ఆగే చోట రక్తనాళాలు ఎక్కువ, పైగా గొట్టం గంటల తరబడి ఉంటుంది. దాని ప్రమాదాలు రక్తం గడ్డకట్టి నరాల్ని నొక్కడం, చీము పట్టడం, పొరకి చిల్లు పడి విపరీతమైన తలనొప్పి రావడం.

లెక్కలు ఏమంటున్నాయి

బ్రిటన్‌లో అక్కడి మత్తు వైద్యుల కళాశాల ఒక ఏడాది పాటు దేశమంతటా వేసిన ఏడు లక్షల పైచిలుకు వెన్ను సూదుల్ని లెక్కగట్టి 2009లో నివేదిక ఇచ్చింది. అందులో దాదాపు సగం కాన్పుల కోసం వేసినవి. అనుమానం ఉన్న ప్రతి కేసునూ సూది ఖాతాలోనే వేసి చూసినా, కాన్పుల్లో శాశ్వత నష్టం దాదాపు 80 వేల మందిలో ఒకరికి. సూది వల్లే అని తేలినవే లెక్కేస్తే మూడు లక్షల మందిలో ఒకరికి. అదే నివేదికలో పెద్ద వయసువాళ్లకి పెద్ద ఆపరేషన్ల కోసం వేసిన ఎపిడ్యూరల్‌లో ప్రమాదం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి "మా పెదనాన్నకి ఆపరేషన్‌లో ఇలా అయింది" అన్న అనుభవాన్ని పాతికేళ్ల బాలింతకి అంటగట్టకూడదు.

ఎపిడ్యూరల్ ఒక్కదాని గురించి 2006లో, 13 లక్షల మందికి పైగా తల్లుల వివరాలు కలిపి చూశారు. గడ్డకట్టిన రక్తం నరాల్ని నొక్కడం 1,68,000 మందిలో ఒకరికి, లోతున చీము పట్టడం 1,45,000 మందిలో ఒకరికి, ఏడాది దాటినా పోని నరాల దెబ్బ 2,40,000 మందిలో ఒకరికి. కొన్నాళ్లు ఉండి పోయే తిమ్మిరి, బలహీనత మాత్రం 6,700 మందిలో ఒకరికి.

ఇక జీవితాంతం వేధించే నడుము నొప్పి. సూది వేసిన చోట కొన్ని రోజులు గాయం నొప్పిలా ఉండటం మామూలే. నెలల తరబడి ఉండే నడుము నొప్పి సూది వేయించుకున్నవాళ్లలోనూ, వేయించుకోనివాళ్లలోనూ ఒకేలా కనిపిస్తోంది. కడుపు బరువు, వంగి పాలివ్వడం, బిడ్డని ఒకే నడుము మీద ఎత్తుకోవడం, వీటిని వదిలేసి నింద అంతా సూది మీద వేస్తున్నాం.

కాన్పు కూడా నరాల్ని దెబ్బతీస్తుంది

ఇది ఇళ్లల్లో ఎవరూ చెప్పరు. ఒక కేసు చెప్తాను.

తొలి కాన్పు. ఎపిడ్యూరల్ నేనే పెట్టాను. రెండున్నర గంటలు ముక్కింది. మోకాళ్లు మడిచి, కింద చేతులతో బిగించి పట్టుకుని. బిడ్డ క్షేమం. మర్నాడు పొద్దున బాత్రూమ్‌కి లేస్తే కుడికాలి చెప్పు జారిపోతోంది. పాదం పైకి లేవడం లేదు, వేళ్లు నేలకి ఈడ్చుకుంటున్నాయి. నేను వార్డుకి వెళ్లేసరికి వాళ్లమ్మ గోడకేసి తిరిగి ఏడుస్తోంది. "నేను వద్దంటూనే ఉన్నా" అని మాత్రం అంది.

కూర్చుని పరీక్ష చేశాను. తొడ బలం బాగుంది, మోకాలు బాగా చాపుతోంది. నడుములో నొప్పి లేదు, మూత్రం తెలుస్తోంది. పిక్క బయటి వైపూ, పాదం పైభాగమూ మాత్రమే మొద్దుబారాయి. మోకాలి బయటి వైపు ఎముక బొడిపె ఒకటి తగులుతుంది, మీరూ తడిమి చూసుకోవచ్చు. పాదాన్ని పైకెత్తే నరం సరిగ్గా దాని పక్కనుంచే, చర్మం కిందే పోతుంది. రెండున్నర గంటలు ఆమె వేళ్లు నొక్కి పట్టింది అక్కడే. మూడు వారాల తర్వాత చేసిన నరాల పరీక్షలోనూ దెబ్బ మోకాలి దగ్గరే అని తేలింది.

నేను ఆమెకి దాచకుండా చెప్పిన ఇంకో మాట ఉంది. మొద్దు ఉండటం వల్ల ఆ ఒత్తిడి ఆమెకి తెలియలేదు, తెలిస్తే చేతులు మార్చుకునేది. అంటే నరాన్ని సూది గుచ్చలేదు గానీ, మత్తుకి అందులో ఏ పాత్రా లేదనడం కూడా సరికాదు. అందుకే ఇప్పుడు నేను ఎపిడ్యూరల్ పెట్టిన ప్రతి కాన్పులో అరగంటకోసారి కాళ్ల భంగిమ మార్పించమని నర్సులకి చెప్తాను.

అమెరికాలోని షికాగోలో ఆరు వేల మందికి పైగా బాలింతల్ని వరసగా పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు నూటికి ఒకరికి కాన్పు తర్వాత కాళ్లలో ఏదో ఒక నరం మందగించినట్టు తేలింది. తొలి కాన్పు వాళ్లలో, ఎక్కువసేపు ముక్కినవాళ్లలో అది ఎక్కువ. తొడ బయటి వైపు మొద్దు అన్నిటికన్నా మామూలు. సగం మందికి రెండు నెలల్లోపే పోయింది. నూటికి ఒకరు అన్న ఈ లెక్కని పైన చెప్పిన 80 వేలలో ఒకరు పక్కన పెట్టి చూడండి. కాన్పయ్యాక కాలు తిమ్మిరెక్కితే దోషి సూదే అనుకోవడం చాలాసార్లు తప్పు. అలాగని పరీక్ష చేయకుండా కాన్పు మీదకి తోసేయడమూ తప్పే.

అరుదైనవి, కానీ ఆలస్యం చేస్తే తిరిగిరానివి

గడ్డకట్టిన రక్తం. కాళ్లకి బలం వచ్చాక మళ్లీ తగ్గిపోవడం, లేదా మొద్దు వదలాల్సిన వేళకి వదలకపోవడం దీని గుర్తు. వెన్నులో గట్టి నొప్పి రావచ్చు, రాకపోవచ్చు. వెంటనే ఎంఆర్‌ఐ తీసి, 8 నుంచి 12 గంటల్లోపు ఆపరేషన్ చేసి ఒత్తిడి తీసేస్తే కాళ్లు తిరిగి రావడానికి మంచి అవకాశం ఉంటుంది. "మత్తు ఇంకా దిగలేదులే, పొద్దున చూద్దాం" అనే మాట ఇక్కడ కాళ్లని పోగొడుతుంది. బ్రిటన్ మత్తు వైద్యులు 2020లో పెట్టుకున్న నియమం ఒకటి నాకు బాగా నచ్చింది. చివరి డోసు ఇచ్చిన నాలుగు గంటలకి తల్లి మోకాలు మడవకుండా కాలు మంచం మీంచి పైకెత్తగలదా అని చూడాలి. ఎత్తలేకపోతే మత్తు డాక్టర్ని పిలవాలి. ఖర్చు లేని పరీక్ష, ఇంటివాళ్లు కూడా చూడొచ్చు.

చీము. ఇది చాలాసార్లు ఆసుపత్రిలో బయటపడదు. రోజులు గడిచి అమ్మాయి పుట్టింట్లో ఉన్నప్పుడు జ్వరం, నడుము నొప్పి, సూది వేసిన చోట ముట్టుకుంటే బాధ మొదలవుతాయి. మనింట్లో బాలింత నడుము నొప్పంటే నూనె మర్దన, వేణ్ణీళ్ల కాపడం. జ్వరంతో కలిసి వచ్చిన నడుము నొప్పికి మాత్రం మర్దన వద్దు, ఆసుపత్రికే వెళ్లండి. ఇంకోటి, మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచి పెట్టకండి, కాలినా తెలియదు.

మెనింజైటిస్, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల వాపు. ఇది స్పైనల్ వైపు ఎక్కువ. సూది వేసేవాళ్ల నోట్లో ఉండే క్రిమి వెన్ను నీటిలోకి చేరడం వల్ల వస్తుంది. 2008, 2009ల్లో అమెరికాలోని న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లో ఐదుగురు తల్లులకి వెన్ను సూది తర్వాత ఇది వచ్చింది, ఒకరు చనిపోయారు. ముఖానికి మాస్కు ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఆ ఒక్క ఉదంతం చాలు. సూది వేసే డాక్టరు మాస్కు లేకుండా కనిపిస్తే అడగండి. మొహమాటపడకండి.

వెన్నుపాముకే సూది తగలడం. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎక్కువమందికి మొదటి, రెండో నడుము పూసల దగ్గర ముగుస్తుంది. అందుకే మేం మూడో పూసకి కిందే వేయాలి. చేత్తో తడిమి గుర్తుపట్టేటప్పుడు ఒక పూస పైకి పొరబడటం అనుకున్నదాని కన్నా ఎక్కువని తేలింది. కాబట్టి అనుమానం ఉంటే ఒక ఖాళీ కిందకే దిగాలి. సూది దిగేటప్పుడు కాల్లోకి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటే, కదలకుండా, వెంటనే నోటితో చెప్పండి. "ఓర్చుకోవాలేమో" అనుకోవద్దు. మేం సూది వెనక్కి తీయాల్సింది అప్పుడే.

పొరపాటు మందు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది పూర్తిగా ఆపగలిగినది. స్పైనల్‌కి వాడే బుపివకెయిన్ ఆంపూలూ, రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంపూలూ కొన్ని కంపెనీలవి చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండోది వెన్నులోకి వెళ్తే ఆపకుండా ఫిట్స్ వస్తాయి. అలా జరిగినవాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని గురించే హెచ్చరిక ఇచ్చింది. నా ట్రేలో స్పైనల్ మందు తప్ప మరో ఆంపూల్ ఉండదు. ట్రానెక్సామిక్ వేరే గదిలో, వేరే డబ్బాలో. మందు సిరంజిలోకి లాగే ముందు పేరు పైకి చదువుతాను, పక్కన నర్సు వినాలి. ఆ చదవడం మీకు వినపడితే అది మంచి థియేటర్.

తలనొప్పి అరుదేం కాదు. ఎపిడ్యూరల్ సూది పొరని చీల్చడం నూటికి ఒకరి విషయంలో జరుగుతుంది, వాళ్లలో సగానికి పైగా తలనొప్పి వస్తుంది. స్పైనల్‌లో సూది మొన పెన్సిల్ ములుకులా ఉంటే, కోసే మొనతో పోలిస్తే తలనొప్పి సగానికి పైగా తగ్గుతుంది. కాస్త ఖరీదెక్కువ, అయినా అడిగి వేయించుకోదగ్గది. లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి సూదిది. తలగడ తీసేసి రోజంతా పడుకోబెట్టినంత మాత్రాన అది రాకుండా పోదు. బాలింతకి నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని దాహంతో ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి నీళ్లు ఇవ్వండి. ఒంట్లో నీరు తగ్గడం మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడానికి ఒక కారణం, అది కూడా తలనొప్పితోనే మొదలవుతుంది. పడుకున్నా తగ్గని తలనొప్పి, రెండుగా కనిపించడం, మగత, ఫిట్స్, బీపీ పెరగడం, వీటిలో ఏది ఉన్నా చెవుల్లో దూది పెట్టి "చలువ చేసింది" అని ఇంట్లో కూర్చోకండి.

ఎవరికి ఏది

ముందే అనుకున్న సిజేరియన్ అయితే స్పైనల్. నా చెల్లెలికైనా అదే చెప్తాను. పూర్తి మత్తు ఇస్తే వెన్ను జోలికి వెళ్లరన్నది నిజమే, కానీ దాని లెక్కలు కూడా చూడాలి. పూర్తి మత్తులో ఊపిరి అందించడానికి నిండు గర్భిణికి గొంతులో గొట్టం వేయడం కుదరకపోవడం సుమారు 400 మందిలో ఒకరి విషయంలో జరుగుతుంది. బ్రిటన్‌లో 2014లో వచ్చిన నివేదిక ప్రకారం, పూర్తి మత్తుతో చేసిన సిజేరియన్లలో సుమారు 670 మందిలో ఒకరికి మధ్యలో తెలివి ఉంది. 80 వేలలో ఒకటికి భయపడి 400లో ఒకటిని ఎంచుకోవడం మంచి బేరం కాదు.

పూర్తి మత్తే సరైన సందర్భాలూ ఉన్నాయి. బిడ్డ గుండె పడిపోయి నిమిషాలు లెక్కపెట్టే పరిస్థితి, ఆగని రక్తస్రావం, రక్తం గడ్డకట్టని జబ్బు, మెదడులో ఒత్తిడి పెరిగి ఉండటం. అప్పుడు వెన్ను సూది కావాలని పట్టుబట్టకండి.

నొప్పుల్లో ఉండి, నార్మల్ డెలివరీ అయ్యే అవకాశం ఉంటే ఎపిడ్యూరల్ మంచిదే, ఒక షరతు మీద. మన ఊళ్లల్లో ఒకే మత్తు డాక్టరు నాలుగు నర్సింగ్ హోమ్‌లకి తిరగడం మామూలు. గొట్టం పెట్టి డాక్టరు వెళ్లిపోయే చోట ఎపిడ్యూరల్ వద్దని నేను గట్టిగా చెప్తాను. కారణం ఉంది. అమెరికాలో 2014లో ప్రచురించిన రెండున్నర లక్షల మంది లెక్కలో, మొద్దు ఛాతీ దాకా ఎక్కేయడం సుమారు 4,300 మందిలో ఒకరికి, గొట్టం తెలియకుండా నీటి సంచిలోకి వెళ్లడం సుమారు 15,400 మందిలో ఒకరికి జరిగింది. పక్కన డాక్టరు ఉంటే దీన్నుంచి గట్టెక్కించవచ్చు. లేకపోతే ఊపిరి ఆగుతుంది. ఎపిడ్యూరల్ బాగా పనిచేస్తూ ఉండి సిజేరియన్ అవసరమైతే అదే గొట్టంలోంచి గట్టి మందు ఇస్తే సరిపోతుంది, మళ్లీ సూది అక్కర్లేదు.

రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు 70 వేలకి పైన ఉండి, పడిపోకుండా నిలకడగా ఉంటే వెన్ను సూదికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. డెంగీ రోజుల్లోనూ, బీపీ ఎక్కువై లివర్ దెబ్బతిన్నప్పుడూ నిన్నటి రిపోర్టు పనికిరాదు. గంటల్లో పడిపోతాయి, అప్పటికప్పుడు చేయించిన లెక్క కావాలి. 70 వేలకి దగ్గర్లో ఉండి సిజేరియన్ తప్పనప్పుడు, గొట్టం లేని సన్నని సూది కాబట్టి ఎపిడ్యూరల్ కన్నా స్పైనల్‌కే మొగ్గుతాను.

గర్భం నిలవడానికని రోజూ పొట్టకి ఎనాక్సాపరిన్ అనే, రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. చిన్న డోసైతే 12 గంటలు, పెద్ద డోసైతే 24 గంటలు ఆగాకే వెన్ను సూది. చివరి ఇంజెక్షన్ ఎన్ని గంటలకి తీసుకున్నారో కాగితం మీద రాసి పెట్టుకోండి. నొప్పులతో వచ్చినప్పుడు ఎవరికీ గుర్తుండదు. చిన్న డోసు ఆస్పిరిన్ ఒక్కటే అయితే అడ్డంకి కాదు.

వెన్నుకి ఆపరేషన్ అయినవాళ్లు, పుట్టుకతో వెన్ను లోపం ఉన్నవాళ్లు, గూని ఉన్నవాళ్లు ఏడో నెలలోనే మత్తు డాక్టర్ని కలవండి. పాత ఎక్స్‌రేలు, స్కాన్లు తెచ్చుకోండి. ముందే కాలిలో తిమ్మిరో బలహీనతో ఉంటే అది కూడా రాయించండి. లేకపోతే తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో ఎవరూ తేల్చలేరు.

ఇంటికెళ్లే ముందు

ఆ చెప్పు జారిన అమ్మాయి పాదానికి పట్టీ వేసుకుని, ఫిజియోథెరపీ చేసుకుంటూ ఇంటికెళ్లింది. బిడ్డకి ఆరో వారం టీకాకి వచ్చినప్పుడు నన్ను వెతుక్కుంటూ థియేటర్ గుమ్మం దాకా నడిచొచ్చింది. పట్టీ లేదు. బొటనవేలు ఇంకా కొంచెం మొద్దుగా ఉందంది. వాళ్లమ్మ బిడ్డని నా చేతిలో పెట్టి, "రెండోదానికి కూడా ఆ సూది వేస్తారా డాక్టరమ్మా, వేయకూడదా?" అని అడిగింది. వేయొచ్చని చెప్పాను, ఈసారి మోకాళ్లు చేతులతో పట్టుకోకుండా, పక్కకి తిరిగి పడుకుని ముక్కాలని కూడా చెప్పాను. డిశ్చార్జి కాగితం వెనక నా ఫోన్ నంబరు కింద మరో రెండు మాటలు రాసిచ్చాను: కాలు బలం తగ్గినా, మూత్రం తెలియకపోయినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా, అర్ధరాత్రైనా ఫోన్ చేయండి.